పడిపోయాక కూడా

కీబోర్డు మీద పడ్డ గుద్దుకి రెండు కీలు ఊడి మాస్టారి ఒళ్ళో పడ్డాయి.

"నా వల్ల కాదు," అన్నాడు సమ్మెట.

మాస్టారు ఆ రెండింటినీ ఏరి, దుమ్ము ఊది, వాటి చోట్లలో నొక్కి పెట్టారు.

లారీలకు బాడీ కట్టే షెడ్డులో పదేళ్ళు సుత్తి ఎత్తినవాడు గనక జైల్లో అతనికి సమ్మెట అన్న పేరే ఖాయమైంది. ఆ చేతులతోనే ఒక మిట్టమధ్యాహ్నం, బండికి బండి తగిలిందన్న గొడవలో, ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి నాలుగు వీధులు తరిమి ఇనపరాడ్డుతో కొట్టి చంపాడు. మొదటి దెబ్బకే పడిపోయాడు ఆ కుర్రాడు. సమ్మెట ఆగలేదు. పదకొండు దెబ్బలని డాక్టరు రాశాడు.

ఏడేళ్ళు గడిచాయి. ఇక శుక్రవారం కంప్యూటర్ పరీక్ష. సొంతంగా ఒక ఆట రాసి, ఆడించి చూపించాలి. పాసయితే అతని కాగితాలు విడుదల కమిటీ ముందుకు వెళతాయి. తప్పితే మరో మూడేళ్ళు. ఇంటిదగ్గర తల్లి మంచంలో ఉంది. మూడేళ్ళు ఆగే మనిషి కాదు.

అక్కడున్నవి పాతకాలం కంప్యూటర్లు. మౌస్ లేదు, బొమ్మల్లేవు. నల్లటి తెర మీద అక్షరాలే. సమ్మెట ఆటలో ఒక సున్నా, ఒక ఇంటూ గుర్తు. సున్నా మనం, ఇంటూ శత్రువు. బాణం కీలతో జరగాలి, స్పేస్‌బార్‌తో కొట్టాలి.

మాస్టారు జీతం లేకుండా వారానికి మూడు రోజులు వచ్చి నేర్పే బక్కమనిషి. ఖైదీలకి ఊరికే పాఠాలు చెప్పేవాడికి ఏ పిచ్చో ఉండి ఉంటుందని ఎవరూ ఆయన సంగతి అడగలేదు.

"శత్రువు కదలట్లేదు సార్. నేను కీ నొక్కి ఎంటర్ కొట్టేదాకా వాడూ గుడ్లప్పగించి నిలబడుతున్నాడు."

"వాడి తప్పు కాదు నాయనా. కీ వచ్చేదాకా కదలొద్దని ప్రోగ్రాముకి నువ్వే చెప్పావు. దాన్ని గుమ్మంలో కాపలా కూర్చోబెట్టకు. ఒకసారి తొంగి చూడమను. ఎవరైనా కీ నొక్కితే తీసుకుంటుంది, లేకపోతే తన పని తను చేసుకుంటుంది."

రెండు గంటలు కుస్తీ పట్టాక ఇంటూ కదిలింది.

సమ్మెట చంటిపిల్లాడిలా నవ్వాడు. ఆ సంబరంలో స్పేస్‌బార్ టకటకా వాయించాడు. ఒక్క దెబ్బకి ఇంటూ పడింది. చెయ్యి తీసేశాడు.

సున్నా మాత్రం కొడుతూనే ఉంది.

మాస్టారు తెరకేసి చూస్తూ ఉండిపోయారు.

"పడిపోయాక కూడా ఎందుకు?" అన్నారు. 

"నేను చెయ్యి తీసేశాను సార్."

"పడిపోయాక కూడా ఎందుకు కొట్టడం?"

సమ్మెటకి రక్తం తలకెక్కింది. కోర్టులో లాయరు అడిగిందీ ఇదే. ఆ కుర్రాడి తరఫున వచ్చిన ఒకే ఒక్క మనిషి, వాళ్ళ మేనమామ, ఏడుస్తూ అడిగిందీ ఇదే. ఇప్పుడు ఈ పంతులు కూడా ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాడు.

కీబోర్డుని తీగతో సహా పెరికి మాస్టారి మొహాన కొట్టాడు.

కుర్చీ విరిగింది. మాస్టారు వెల్లకిలా పడ్డారు. సమ్మెట ఆయన గుండెల మీద కూర్చుని పిడిగుద్దులు గుద్దాడు. ముక్కు చితికింది. పై పళ్ళు రెండు ఊడాయి. నేలంతా నెత్తురూ కీలూ కలిసిపోయాయి. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొట్టేవాడి మొహాన్నే రెప్ప వెయ్యకుండా చూశారు.

జైలరు వెంట వార్డర్లు పరిగెత్తుకొచ్చి, లాఠీలతో సమ్మెట వీపు చిట్లగొట్టి, అతన్ని పక్కకి ఈడ్చారు.

"అయిపోయావురా," అన్నాడు జైలరు. "కొత్త కేసు రాస్తాను. ఇక నీ శవమే బయటికి వెళ్ళేది."

మాస్టారు గోడ పట్టుకుని లేచారు.

"కుర్చీ విరిగి పడ్డాను సార్."

"నా కళ్ళారా చూశానండీ."

"నేను పడ్డాను. అలాగే రాసి సంతకం పెడతాను. వాణ్ణి పరీక్ష రాయనివ్వండి."

గుమ్మం దగ్గర ఆగి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని సమ్మెటతో అన్నారు.

"నువ్వు నొక్కినవన్నీ లోపల వరసలో పేరుకుపోతున్నాయి నాయనా. నువ్వు మానేసినా అవి ఒక్కొక్కటే బయటికొస్తాయి. పాతవన్నీ పారబోసి, ఇప్పుడు నొక్కింది ఒక్కటే చదవమను. అప్పుడు ఆగుతుంది."

గురువారమంతా సమ్మెట వాచిన వీపుతో అదే పని చేశాడు.

శుక్రవారం పరీక్షకొచ్చిన ఆఫీసరు స్పేస్‌బార్ ఎడాపెడా వాయించి, చటుక్కున చెయ్యి తీశాడు. సున్నా ఆగింది.

"పాస్," అన్నాడు.

మాస్టారు మళ్ళీ రాలేదు. ఆయన్ని తలెత్తి చూడాల్సిన బాధ తప్పిందని మొదట్లో సమ్మెట ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత తలుపు చప్పుడైనప్పుడల్లా అటే చూసేవాడు.

నాలుగు నెలలకి విడుదల కాగితం చేతికొచ్చింది. తల్లి ఇంకా ప్రాణంతోనే ఉందని కబురు కూడా వచ్చింది.

"సార్, మాస్టారి అడ్రసు ఇప్పించండి. ముందు ఆయన కాళ్ళ మీద పడి, తర్వాత ఇంటికెళతాను," అన్నాడు జైలరుతో.

"ఆలస్యం చేశావురా. పోయిన నెలలోనే పోయారు. ఆ దెబ్బల తర్వాత మనిషి కోలుకోలేదు."

సమ్మెట విడుదల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ళ కాళ్ళ మీదైనా పడతాను," అన్నాడు.

"ఎవరూ లేరు. తాళం వేసుందట." జైలరు రిజిస్టరు చూసి చీటీ మీద అడ్రసు రాసిచ్చాడు.

ఆ ఇంటికి సమ్మెట ఎవరినీ దారి అడగనక్కర్లేకపోయింది: నీళ్ళ ట్యాంకు వెనక సందులో, ఆ ఇంటి గేటు ముందే, "నాన్నా, తలుపు తియ్యి" అని అరుస్తున్న కుర్రాణ్ణి అతను కొట్టి చంపాడు.