డ్రైవరు సీటు కింద

గుప్పిట్లో ఉప్పుతో నీలవేణి జీపు పక్కన నక్కి కూర్చుంది.

మొగుడు నరసింగరావు నూతి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. గిలక కిరకిరలాడుతున్నంత సేపే ఆమెకి ధైర్యం. గబగబా డ్రైవరు సీటు కింది గోనెపట్టా ఎత్తి, నిన్న అతను రివిట్లు కొట్టిన అతుకు చుట్టూ ఉప్పు జల్లి, చెంబులోని నీళ్ళు చిలకరించింది. గిలక ఆగింది. పట్టా కప్పేసి, చెయ్యి కోకకి తుడుచుకుని ఇంట్లోకి పరిగెత్తింది.

ఉప్పు సంగతి ఆమెకి చెప్పింది నరసింగరావే. అరవై ఎనిమిది వానాకాలంలో, ఆమదాలవలస స్టేషను వెనక వాళ్ళ రిపేరు షెడ్డుకి ఆ మిలటరీ వేలం జీపు వచ్చిన రోజున, అడుగు రేకుని ఉలితో పొడిస్తే ఉలి కాస్తా అవతలికి దిగబడింది.

"నౌపడా ఉప్పు కొటార్లలో తిరిగిన బండే ఇది," అని నవ్వాడు. "ఉప్పు తగిలిందంటే ఇంక ఇనుం బతకదు. నాను అతికీది అతుకుతుంటే తుప్పు తినీది తింటానే ఉంటాది."

జీపు, కొండసరుకు కొనే కంట్రాక్టరు చినబాబుగారిది. బాగయ్యాక దాన్ని కొండ మీది ఊళ్ళకి తోలవలసింది కూడా నరసింగరావే. చినబాబు దొంగ తూకాల మీద కొండల్లో ఉన్న కోపమంతా ఆయన బండి మీద పడుతోంది. ఇదివరకటి బండి తోలిన నూకయ్య ఘాటీ మలుపులో రాళ్ళదెబ్బ తిని, ఒంటి కన్నుతో దిగి వచ్చాడు. నీలవేణి వెళ్ళి చూసింది. గుమ్మంలో కూర్చుని, ఉన్న ఆ ఒక్క కన్నూ తుడుచుకుంటున్నాడు. ఆ రోజు నుంచి చంటివాడికి పాలు పడుతున్నా ఆమె కళ్ళకి ఆ మలుపే కనిపిస్తోంది.

"నువ్వు ఎల్లకు మావా," అంది ఒకసారి.

"ఎల్లకపోతే? షెడ్డు ఆయన జాగాలో ఉన్నాది. కాదంటే రేపే పీకించేత్తాడు. అయినా నాకేటే బయ్యం? నూకయ్యకి బండి తోలడం రాదు గానీ!" వీధి వీధంతా వినబడేలా నవ్వాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. ఉప్పు కుండలో చెయ్యి పెట్టింది.

ఒకనాడు అత్త జగ్గమ్మ ఆ కుండ వంచి చూసింది.

"ఒసే నీలా, ఉప్పు ఇంతలా ఏటైపోతన్నాది? కూరలో ఏస్తన్నావా, కుమ్మరిస్తన్నావా?"

"గుంటడికి రోజూ దిష్టి తీస్తన్నావు కదత్తా."

"నాను తీసీది గుప్పెడు. ఇది సూస్తే ఊరందరికీ దిష్టి తీసినట్టున్నాది!"

నీలవేణి కుండలోకి తొంగి చూసింది. తను తీసేదీ గుప్పెడే. భయంలో ఆ గుప్పెడు ఎంత పెద్దదైపోతోందో తనకే తెలియడం లేదనుకుంది. మర్నాటి నుంచి సగమే తీసింది.

అయినా తుప్పు ఆగలేదు. జీపు కింద ఎర్రనీళ్ళు చుక్కలు చుక్కలుగా కారేవి.

"దీని తస్సదియ్యా! అతుకు మీద అతుకేస్తే ఆ అతుకునే తింటన్నాది!" అని నరసింగరావు సుత్తి విసిరికొట్టేవాడు. "ఎనకాల పట్టా ఎవులూ ఎత్తకండి, రంగు ఆరాల!" అని తల్లినీ పెళ్ళాన్నీ కసిరేవాడు.

వానలు వెనకబట్టాయి. చినబాబు గొడుగు ఊపుకుంటూ షెడ్డుకి వచ్చాడు.

"ఇంకెన్నాళ్ళురా నరసింగా? ఘాటీ దారి తెరిసినారు. రేపు పొద్దున్న బండి కొండెక్కాల."

"అడుగు ఆగడం నేదు బాబూ. ఇంకో రేకు ఏసి..."

"రేకూ లేదు, గీకూ లేదు. పైన సెక్క పరిసేయ్. ముందు జేబులోంచి సెయ్యి తియ్యరా, నా ముందర నిలబడి!"

నరసింగరావు చటుక్కున చెయ్యి తీసి ఖాకీ నిక్కరుకి తుడుచుకున్నాడు. "అలాగే బాబూ. పొద్దున్నే ఎల్తాను."

గుమ్మంలోంచి నీలవేణి అంతా వింది. ఇన్నాళ్ళూ మొగుణ్ణి ఆపుతున్నాననుకుంది. ఇప్పుడతను వెళ్ళనే వెళుతున్నాడు, తను ఉప్పు తినిపించిన రేకు మీద కూర్చుని. ఘాటీ మలుపులో ఆ సీటు ఊడితే? రాళ్ళు అక్కర్లేదు, తన చేతులే చాలు. చంటివాణ్ణి అత్త ఒళ్ళో పడేసి పరిగెత్తింది.

"బాబూ, ఒద్దు బాబూ..."

అప్పటికే చినబాబు రేకు ఏపాటిదో చూద్దామని వెనక నుంచి జీపులోకి అడుగేశాడు. కర్రుమని రేకు చిరిగింది. ఆయన కాలు మోకాలి దాకా కిందికి దిగబడిపోయింది.

"ఓలమ్మో! సచ్చినాన్రో!"

నరసింగరావు చంకల కింద చేతులేసి పైకి లాగాడు. చినబాబు పిక్క నిండా గీతలు, నెత్తురు.

"నన్నే మింగబోయింది, ఇది కొండెక్కుతాదా! పాత ఇనుంకి తోసేస్తాను దీన్ని. లారీ మాటాడుకుంటాను. దాని డ్రైవరు దానికుంటాడు. ఉప్పుబండి కొన్నాను సూడు, నన్నే అనాల!" కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

నరసింగరావు నెత్తిన చేతులు పెట్టుకుని చతికిలబడ్డాడు. "నోటికాడి ఉజ్జోగం పోయినాది," అని పైకే అన్నాడు.

నీలవేణి అతని కాళ్ళ మీద పడింది.

"నాను సేసినాను మావా. రోజూ నువ్వు నూతికాడికి ఎల్లగానే ఉప్పేసినాను. నువ్వు కొండెక్కకూడదని. కొడితే కొట్టు."

కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడలేదు.

"ఎక్కడేసినావు?"

"నీ సీటు కింద."

"ఎనకాల?"

"ఎనకాల నాను ముట్టుకోనేదు మావా. గుంటడి మీద ఒట్టు."

నరసింగరావు వీధివైపు చూశాడు. ఎవరూ లేరు. మెల్లగా నిక్కరు జేబు తిరగేశాడు.

నేల మీద కల్లుప్పు రాలింది.