రెండు గీతల దినాలు

అండం విడుదలయ్యే సమయాన్ని చెప్పే కిట్ మీద రెండు గీతలు కనబడగానే, బ్లెస్సీ ఆళ్లగడ్డలో పనిచేసే మొగుడికి ఫోన్ చేసింది. "ఈపొద్దు, రేపే. దాటితే మళ్లీ వచ్చే నెలే. లీవు పెట్టి రా."

అతను మధ్యాహ్నం బస్సుకే నంద్యాలలో దిగాడు. గుమ్మంలోనే వాళ్లమ్మ చెన్నమ్మ అతని చేతికి బైబిల్ ఇచ్చింది.

"బిడ్డ కోసరం మూడు దినాలు ఉపవాస ప్రార్థన, నాయనా. పాస్టరయ్యకు చెప్పినా. అన్ని దినాలూ మొగుడూ పెండ్లాలు వేరేగా పండుకోవల్ల. నీ చాప నా పక్కన పరిచినా."

అతను పెళ్లాం వైపు ఒకసారి చూసి, బైబిల్ తెరిచాడు.

ఆరు నెలలుగా ఇదే తంతు. బ్లెస్సీకి ఓపిక అయిపోయింది.

"అత్తా, నెలకు ముప్పై దినాలుంటే నీ ఉపవాసం సరిగ్గా ఈ మూడు దినాలకే ఎట్లొస్తాంది?"

చెన్నమ్మ నొచ్చుకుంది.

"నేనేమన్నా గుడ్డిగా పెడతాండానా మే? రెండు గీతలొస్తే బిడ్డ నిలిచే దినాలని నువ్వే గదా చెప్పింది. నెలనెలా చెత్తబుట్టలో ఆ పుల్లను చూసినాకనే పాస్టరయ్యకు ఫోన్ చేస్తాండా. అంత మంచి దినాలు ఊరికే పోనిస్తానా?"