ఓడలెందుకు ఆగాయి?

"అమ్మాయ్, ఈ పేపరు కాస్త చదివి పెడతావా?"

కాలేజీ ఎదురుగా ఉన్న లైబ్రరీలోకి ఫోను చార్జింగు పెట్టుకోవడానికి వచ్చిన అమ్మాయి తలెత్తి చూసింది.

తెల్లగా ఉతికిన చొక్కాలో, డెబ్భై దాటిన పెద్దాయన.

కాదనలేక మొదటి పేజీ చదివింది. ఎక్కడో సముద్రపు కాలువ మూతపడి, గోధుమల ఓడలు ఆగిపోయాయట.

"ఎందుకు మూశారమ్మా?"

"తెలీదండీ."

"ఆ గోధుమల కోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కడుంటారు?"

"అదీ తెలీదండీ."

"పోనీలే, రేపు చెప్దువుగాని," అన్నాడాయన.

ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. పేపరు మొత్తం తిరగేసి, గోడకున్న ప్రపంచపటం ముందు అరగంట నిలబడి వెతికింది. డిగ్రీలో చేరి రెండేళ్ళయినా ఆ పటం వైపు చూడటం అదే మొదటిసారి.

రెండు దేశాల గొడవలో ఆ కాలువ మూశారని, గోధుమల కోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కడున్నారో మర్నాడు అంతా చెప్పింది. ఆయన చెవులు రిక్కించి విన్నాడు. వెంటనే ఇంకోటి అడిగాడు.

"ఆ రెండు దేశాలకీ పాత గొడవేమిటి మరి?"

"అబ్బ, వదలరు కదండీ మీరు!"

"చెప్పే మనిషి దొరికితే ఎవరొదులుతారమ్మా?"

వారం తిరిగేసరికి ఆమె స్నేహితుడూ వచ్చాడు. నెలకి ఆరుగురయ్యారు. లైబ్రేరియన్ ఇంకో బల్ల వేయించాడు.

ఒకరోజు స్నేహితుడు పేపరు చూడకుండానే నోటికొచ్చింది చెప్పేశాడు.

"పొద్దున ఈ అమ్మాయి చదివినప్పుడు అలా లేదే బాబూ?" అన్నాడు పెద్దాయన.

స్నేహితుడి మొహం కందగడ్డయింది. బయటికొచ్చాక గొణిగాడు.

"ఈయన రిటైరైన ప్రొఫెసరే, సందేహం లేదు. అన్నీ తెలిసే మనల్ని పరీక్షిస్తున్నాడు."

అందరూ అవునన్నారు. ఆ రోజునుంచి మరింత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివారు.

ఇంతలో కాలేజీల మధ్య వర్తమాన విషయాల పోటీ వచ్చింది.

"మనవాళ్ళా? పక్క వీధికి దారడిగినా ఫోను తీస్తారు," అని నవ్వారు ప్రిన్సిపాల్. అయినా పేర్లు పంపారు.

చివరి రౌండులో, సరిహద్దు దగ్గర ఆగిపోయిన జనం ఫోటో ఒకటి చూపించారు.

మిగతా జట్లు తేదీ, ఒప్పందం పేరు చెప్పి కూర్చున్నాయి.

ఆమె లేచింది. ఆ జనం ఏ ఊళ్ళు వదిలొచ్చారో, ఎందుకు వదిలారో, చలికి పిల్లల్ని ఎక్కడ పడుకోబెడుతున్నారో చెప్పింది. హాల్లో చప్పట్లు ఆగలేదు.

ముందు లేచి నిలబడింది ప్రిన్సిపాలే.

గెలిచిన కప్పు పట్టుకుని, పోటీ హడావుడిలో వారంగా వెళ్ళని లైబ్రరీకి ఆరుగురూ పరుగెత్తారు.

పెద్దాయన కుర్చీలో ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. మెడలో టైలరు టేపు అలాగే వేలాడుతోంది.

"పేపరు చదివే పిల్లలు మీరేనా? నాన్న పోయి నాలుగు రోజులైందమ్మా. మీరు ఎదురుచూస్తారని చెప్పిపోదామని వచ్చాను."

స్నేహితుడు కప్పు ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇది మా ప్రొఫెసరుగారిదండీ. ఆయన ఏ కాలేజీలో చెప్పేవారు?"

"ప్రొఫెసరా?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "రోజూ ఇంటికొచ్చి మీరు చెప్పిందంతా వీధి వీధికీ చెప్పేవాడు. 'నా పిల్లలకి ప్రపంచం మొత్తం తెలుసు' అని ఒకటే గొప్ప. పేపరు చదివి పెట్టమని ముందు నన్నే అడిగేవాడు. చేతిలో కుట్టుపని ఉంది నాన్నా అనేదాన్ని."

కప్పుని రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది.

"పేపరాఫీసు మిషన్ దగ్గర ముప్పై అయిదేళ్ళు కాగితం రీళ్ళెక్కించాడమ్మా మా నాన్న. తన చేతులమీదుగా అచ్చయి వెళ్ళే పేపర్లో ఏముంటుందో ఆయనకి తెలిసింది మీరు చదివి చెప్పాకే."