సొరకాయ మీద ముక్కు

"లే! చెప్పులు తొడుక్కో. ఇంటికి పోతున్నాం."

ఆసుపత్రి వార్డులోకి గాలిదుమారంలా వచ్చిపడ్డ అన్నయ్యను చూసి, చెల్లెలు మంచం మీద లేచి కూర్చుంది. ఇంకో గంటలో ఆమెకు ఆపరేషను. ముక్కు ఉండాల్సిన చోట కట్టు ఉంది. రెండు నెలల కిందట పక్కింటి కుక్క ఆమె ముక్కు కొనను కాస్తా కొరుక్కుపోయింది. అప్పట్నుంచి ఆమె బస్‌స్టేషనులో తాను పనిచేసే టికెట్ల కౌంటరు ముఖం చూడలేదు. ఐదేళ్ల కూతురు ముద్దు పెట్టబోయి, భయపడి వెనక్కి తగ్గిన రోజున తలుపేసుకుని ఏడ్చింది.

"ఏమైందన్నయ్యా?"

"మీ డాక్టరమ్మ గదిలో ఏం చేస్తోందో తెలుసా? సొరకాయ కోస్తోంది! కూరకి అనుకున్నావా? కాదు. దాని మీద కళ్లూ నుదురూ గీసి, కత్తితో తొక్క లేపి, కిందికి మడిచి, సూదీ దారంతో కుడుతోంది. ఆవిడింకా నేర్చుకుంటోందే!"

ఈ అన్నగారు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నేర్చుకునేవాడు గేరు మార్చేలోపే తన వైపున్న బ్రేకు తొక్కేస్తాడని అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారంటారు. ఇంట్లో ఎవరేం తలపెట్టినా మొదటి బ్రేకు ఆయనదే. కానీ చెల్లెలంటే ప్రాణం. ఈ రెండు నెలలూ ఆయన కూడా కడుపునిండా తిన్నది లేదు, కంటినిండా నిద్రపోయింది లేదు.

ఇంతలో డాక్టరమ్మ రానే వచ్చింది. చంకలో ఆ సొరకాయ.

"కిటికీలోంచి తొంగిచూసి పరిగెత్తింది మీరేనా?" అంది నవ్వుతూ.

"నేనే. చూడండమ్మా, మా చెల్లెలి ముక్కు కాయగూర కాదు."

"కాదు గనకే ముందు కాయగూర మీద చేసి చూసుకుంటున్నానండీ. రెండు వేల ఏళ్లకు ముందే మన వైద్యుడొకాయన శిష్యులకు చెప్పాడు. మనిషి ఒంటి మీద కత్తి పెట్టేముందు సొరకాయల మీద, గుమ్మడికాయల మీద కోతలు నేర్చుకోండని. తెగిన ముక్కుకు చెంప తోలుతో కొత్త ముక్కు కట్టే విద్య కూడా ఆయన చెప్పిందే. తర్వాతి కాలం వాళ్లు నుదుటి తోలుతో కట్టడం మొదలుపెట్టారు. నేను చేయబోయేది అదే. ఈ రోజుకీ డాక్టరీ పుస్తకాల్లో దాన్ని భారతీయ పద్ధతి అంటారు."

"అంత పాత వైద్యమా? కారుకి పదిహేనేళ్లు దాటితేనే రోడ్డెక్కించడానికి నేను భయపడతాను!"

"మత్తుమందు ఇప్పటిది, దారం ఇప్పటిది. ఆలోచన మాత్రం వాళ్లదే. దాన్ని మించింది ఇంకా ఎవరికీ తట్టలేదు."

"అదంతా సరే. మీరిప్పటికి ఎన్ని ముక్కులు చేశారో అది చెప్పండి."

డాక్టరమ్మ ఓసారి చెల్లెలి వైపు చూసింది. "సొరకాయల మీదైతే నాలుగు వందల పైమాటే..."

"అన్నయ్యా! పోలీసుల్లా ఆ ఆరాలేమిటి?" చెల్లెలు కసురుకుంది. "పెద్ద డాక్టరుగారు పక్కనే ఉంటారట. ముక్కు నాది, ముఖం నాది. నువ్వు కాసేపు నోరు మూసుకుని కూర్చో."

బ్రేకు మాస్టారు గొణుక్కుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ఆపరేషను అయ్యాక చెల్లెల్ని చూసి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. నుదుటి నుంచి ముక్కు దాకా తోలు మెలితిరిగి తొండంలా దిగి ఉంది.

"మూడు వారాలు ఇంతే," అంది డాక్టరమ్మ. "కొత్త ముక్కుకు రక్తం నుదుటి నుంచే అందాలి. ఇక్కడ బాగా అతుక్కున్నాక అక్కడ తెంచుతాం. ఈలోగా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

ఆ మూడు వారాలూ మాస్టారు మంచం పక్క కాపలా కుక్కయ్యాడు. వచ్చిన చుట్టాల్ని గుమ్మంలోనే ఆపాడు. తుమ్మబోయిన నర్సును బయటికి తరిమాడు. తోలు తెంచారు, కుట్లు విప్పారు, మరికొన్ని వారాలు గడిచాయి.

చివరి కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ గదిలో అందరూ చుట్టూ చేరారు. కొంచెం ఎర్రగా, కొంచెం లావుగా ఉన్నా, అది ముక్కే. నిఖార్సయిన ముక్కు. మేనకోడలు మామయ్య చంక దిగి, వాళ్లమ్మ దగ్గరికెళ్లి, ముక్కును వేలితో మెల్లిగా తాకి చూసింది. తర్వాత దాని మీదే ముద్దు పెట్టింది.

బ్రేకు మాస్టారు పసిపిల్లాడిలా ఏడ్చేశాడు. "డాక్టరమ్మా, ఆ రోజు నోరు పారేసుకున్నాను. మీ చేతులకు వెయ్యి దండాలు!"

"నాకొద్దండీ. ఆ పాతకాలపు వైద్యుడికి పెట్టండి. ఆయన ముందు కూర్చున్న మొట్టమొదటి రోగికి కూడా పెట్టండి. ఆ మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మత్తుమందే లేని రోజుల్లో ముఖాన్ని ఆయన చేతుల్లో పెట్టిన మనిషి! ఆ ధైర్యమే లేకపోతే ఇంత విద్యా సొరకాయల దగ్గరే ఆగిపోయేది." డాక్టరమ్మ కళ్లు చెమర్చాయి. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చేతులు, చెవులు, పెదవులు ఎన్నో బాగుచేశాను. ముక్కు విషయంలో మాత్రం... నాకు మీ చెల్లెలే ఆ మొదటి మనిషి. బతికున్నంత కాలం ఈవిణ్ణి మర్చిపోలేను."

మాస్టారు గభాలున తలెత్తాడు.

"మొదటి... ముక్కా? అమ్మో! ఈ మాట ఆ రోజే తెలిసుంటే చెల్లెల్ని భుజాన వేసుకుని పారిపోయేవాణ్ణి!"

చెల్లెలు అద్దంలోంచి చూపు తిప్పకుండానే అంది: "నాకు తెలుసన్నయ్యా. అందుకే, ముక్కు వచ్చేదాకా నీకు చెప్పొద్దని ఆపరేషను ముందురోజే డాక్టరమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను."