పదిహేడో నంబరు

నిమిషన్నర. హెడ్మిస్ట్రెస్ ఇచ్చింది అంతే.

నాటకం మొదట్లో తెర మీద వేసే ఆ నిమిషన్నర వీడియో తీసి చూపించండి, నచ్చితేనే మిగతాది, లేదంటే కెమెరా మూసేసి పుస్తకాలు తెరవండి అని ఖరాఖండిగా చెప్పేసింది. గడువు ఈ సాయంత్రం నాలుగు గంటలు.

తీసేది తొమ్మిదో తరగతి పిల్ల. స్కూలంతా డైరెక్టరమ్మ అని ఏడిపిస్తుంది. కిందటేడు ఇలాగే తీస్తానని గొప్పలు చెప్పి, తీయలేక నవ్వులపాలైంది. ఈసారీ బెడిసికొడితే తన మాట వినేవాళ్లు ఒక్కరూ మిగలరని ఆ పిల్లకి బాగా తెలుసు. రెండ్రోజులుగా అన్నం సహించడం లేదు.

కథ దొరికింది మాత్రం స్టోర్ రూములో.

పాత హాజరుపట్టీ, ఎనిమిదో తరగతి ఆడపిల్లలది. పదిహేడో నంబరు మీద ఎర్రసిరాతో గీత. పేరు కూడా కనబడకుండా కొట్టేశారు.

ఇంకేముంది, పదిహేడో నంబరు పిల్ల చచ్చిపోయింది. ఎలా? జ్వరంతో. ఎవరు చెప్పారు? ఒకరు చెప్పేదేంటి, ఎర్రగీత కనబడుతోంటే.

ఎవర్నీ అడక్కుండా పట్టీ తెచ్చేసుకుంది.

మాస్టారు హాజరు పిలుస్తుంటారు. పలికిన ఒక్కో పిల్ల మొహం మీద టైటిల్స్‌లో ఒక్కో పేరు పడుతుంది. పదిహేడు దగ్గర ఎవరూ పలకరు. మాస్టారు కలం ఆగిపోతుంది, వయొలిన్ ఏడుస్తుంది, దండ వేసిన ఫొటో కనబడుతుంది. ఇదీ ప్లాను.

పొద్దున్నే అన్నీ సర్దుకుంటుంటే గుమ్మంలో ఒకావిడ నిలబడింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో కాగితాల కవరు. గుమాస్తాగారు ఏదో వెతుకుతున్నారట, అందాకా ఇక్కడ కూర్చోమన్నారట.

అసలే మనుషుల కరువు. కెమెరా పట్టే కళ్లద్దాల పిల్లాడు, సోడాబుడ్డి, ఆవిడ చేతికి తెల్లటి థర్మకోల్ అట్ట ఇచ్చి, కిటికీ ఎండ మాస్టారి మొహం మీద పడేలా పట్టుకోమన్నాడు. మాస్టారంటే ఇంకెవరో కాదు, అతికించిన మీసాలతో వాళ్ల క్లాసువాడే. వాణ్ణి అందరూ మీసాలు అనే పిలుస్తున్నారు.

ఆవిడ గంటసేపు అట్ట పట్టుకుంది. చేతులు నొప్పని ఒక్కమాట అనలేదు. మధ్యలో కథేంటని అడిగితే డైరెక్టరమ్మ ఉత్సాహంగా చెప్పింది.

“పాపం, ఎలా పోయిందమ్మా?” అంది ఆవిడ.

జ్వరమని చెప్పింది.

రిహార్సల్లో మీసాలు పదిహేడు దగ్గర ఆగి, కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు ఆవిడ మెల్లిగా అంది.

“అలా ఆగరమ్మా. రెండుసార్లు పిలుస్తారు. తర్వాత పద్దెనిమిది పిలుస్తారు. అంతే.”

ఆ మాట డైరెక్టరమ్మకి ఎక్కడో గుచ్చుకుంది. కానీ ముక్కూమొహం తెలియని మనిషి చెప్తే వినడమా? వయొలిన్ వద్దంది, దండా వద్దంది, మీసాల్ని పక్కకి పిలిచి, తనకే తోచినట్టు, రెండుసార్లు పిలిచి వెళ్లిపోమంది.

ఆవిడ ఆ పట్టీ ఒక్కసారి చూడొచ్చా అని అడిగింది. బల్ల మీద సర్దింది కదిలితే షాటు పోతుంది, అయ్యాక చూద్దురుగాని అనేసింది.

ఎండ బల్ల మీద ఉండేది ఇంకో పావుగంటే.

పదిహేను పలికింది. పదహారు పలికింది.

“పదిహేడు.”

ఎవరూ పలకలేదు.

“పదిహేడు.”

“ప్రెజెంట్ సార్.”

అట్ట వెనక నుంచి వచ్చింది, సన్నటి గొంతు.

డైరెక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ షాటు అక్కడికక్కడే తన చేత్తోనే చెరిపేసింది.

“మీకేమైనా పిచ్చా? పోయినవాళ్ల బదులు మీరెందుకు పలుకుతారు? వెళ్లండి ఇక్కణ్నించి.”

“నోరు జారిందమ్మా” అని ఆవిడ అట్టని జాగ్రత్తగా గోడకి ఆనించింది. పట్టీ వైపు చూసి ఏదో అనబోయింది. ఈలోగా సోడాబుడ్డి తలుపు తీసి పట్టుకున్నాడు. వెళ్లిపోయింది.

రెండో షాటు బాగా వచ్చింది. నాలుగింటికి పది నిమిషాల ముందు చూసిన హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి కళ్లొత్తుకుంది. మిగతా నాటకానికి అనుమతి ఇచ్చేసింది. అలా రెండుసార్లు పిలిచి ముందుకి వెళ్లిపోవడం ఎవరికి తోచిందని అడిగింది.

“నాకే మేడమ్” అంది డైరెక్టరమ్మ. హెడ్మిస్ట్రెస్ మొహం వైపు చూడకుండా పట్టీ చంకలో పెట్టుకుంది.

బయటికి వస్తే వరండాలో గుమాస్తా ఎదురయ్యాడు. ఆ పిల్ల చంకలో ఉన్న పట్టీ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

పొద్దుట్నుంచి స్టోర్ రూమంతా తిరగేశాడట. ఎవరో ఈ వయసులో పదో తరగతి పరీక్షకి కట్టుకుంటోందట. ఎనిమిది దాకా చదివినట్టు కాగితం కావాలట, దానికి మధ్యాహ్నంతో గడువు అయిపోయిందట. పట్టీ దొరకలేదని చెప్పి పంపేశాడట. కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిందట.

డైరెక్టరమ్మ పట్టీ ఇచ్చేసింది. గుమాస్తా పేజీలు తిప్పి, ఆవిడ చెప్పిన నంబరు కోసం వేలితో కిందికి వెతుక్కుంటూ వెళ్లి ఎర్రగీత దగ్గర ఆగాడు.

“అది చనిపోయిన అమ్మాయిదండీ” అంది, ఆశగా.

“చనిపోవడమేంటమ్మా? ఇంట్లో జరక్క మధ్యలో మానేస్తే పేరు కొట్టేశారు. పొద్దున మీ గదిలో కూర్చోబెట్టానే, ఆవిడే ఈ పదిహేడు.”