మాట వినని పిల్లలు

"అయ్యగారు లోపలికొచ్చి కుర్సీలో కూకోగానే నువ్వేటి సెయ్యాల?"

"టీ గలాసు తోసీయాల."

"నాన్న వందనాలు సెప్పమంటే?"

"సెప్పనని అరవాల."

"మరి తమ్ముడు?"

"ఆడికేటీ నేర్పక్కర్లేదమ్మా. ఆడెప్పుడూ అలగే."

ఈశ్వరికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆరేళ్ళ కెజియాకి జడ వేస్తూ మూడోసారి పాఠం అప్పచెప్పించుకుంటోంది. గీసిన గీత దాటని పిల్ల. అలాంటి పిల్లకి కూర్చోబెట్టి మొండితనం నేర్పడం పాపమని ఆమెకి తెలుసు. తెలిసే నేర్పుతోంది.

ఏం చెయ్యమంటారు మరి? మొగుడు గుణశేఖర్ చదివే బైబిల్ కాలేజీలో ఒక నియమం ఉంది. చదువు పూర్తయ్యే ముందు పెద్దలు ఇంటికొచ్చి పిల్లల్ని చూస్తారు. పిల్లలు మాట వినేరకం కాకపోతే తండ్రికి పాస్టరుగా అభిషేకం ఉండదు. ఇంకో నియమం కూడా ఉంది, అది మరీ అన్యాయం. అభిషేకం అయినవాణ్ణి పెళ్ళాంతో సహా పాడేరు పైన కొండల్లోకి పంపిస్తారు, పిల్లల్ని మాత్రం వాళ్ళ హాస్టల్లో వేసేస్తారు. ఏడాదికి రెండుసార్లు చూడనిస్తారు. నాలుగేళ్ళ గిద్యోను ఇంకా తల్లి చెంగు నోట్లో పెట్టుకుంటే గాని నిద్రపోడు.

"హాస్టల్లో నువ్వుండవు కదమ్మా?" అంది కెజియా.

"నువ్వు బాగా అల్లరి సేత్తే మనకి హాస్టలే ఉండదు."

అంతలో గుణశేఖర్ లోపలికి పరిగెత్తుకొచ్చాడు. మూడేళ్ళుగా శనివారం వచ్చి ఆదివారం పోయే మనిషి. "ఒచ్చీసినారే! సందు సివర కారు ఆగింది" అంటూ కిటికీ గూట్లో పోర్టు నుంచి ఎగిరొచ్చి పడిన బొగ్గుదుమ్ము గబగబా తుడుస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. పైగా కూనిరాగం ఒకటి. ఈశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

"కన్నపిల్లల్ని వొదులుకోడానికి ఇంత సంబరమేటి మావా?"

"నీకేటీ తెల్దు. కాసేపు నోర్మూసుకో" అన్నాడు నవ్వుతూనే.

కాలేజీ పెద్ద కామరాజు అయ్యగారు, ఆయన భార్య సూర్యకాంతమ్మ వచ్చి కూర్చున్నారు. ఈశ్వరి టీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. కెజియా బల్ల దగ్గరికొచ్చింది. తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళతోనే ఊఁ అంది.

గ్లాసు ఎగిరింది. వేడి టీ మొత్తం అయ్యగారి తెల్లపంచె మీద పడింది.

"కెజియా!" గుణశేఖర్ అదిరిపోయాడు. "అయ్యగారికి వందనాలు సెప్పు!"

"సెప్పను!"

గిద్యోను తన వంతు తను చేశాడు. అయ్యగారి ఒళ్ళో బైబిలు లాగి, ఒక పేజీ పర్రున చింపాడు.

"ఇదేం పెంపకం తల్లీ!" అంది సూర్యకాంతమ్మ. "పోనీ, మీ అమ్మ మాటైనా వింటావా?"

ఇది పాఠంలో లేదు. కెజియా ఒక్క క్షణం ఆలోచించింది. "అమ్మ మాట అసలు ఇనను" అంది గట్టిగా.

నా బంగారు కొండే అనుకుంది ఈశ్వరి మనసులో. పిల్లని ఎత్తుకుని ముద్దాడాలనిపించింది.

గుణశేఖర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "రోజూ ఇలగుండరండి అయ్యగారూ, ఇయ్యాలేటో మరి..."

"నీ తప్పేముందయ్యా?" కామరాజు పంచె దులుపుకున్నారు. "మూడేళ్ళూ నువ్వు మా దగ్గరే ఉన్నావు. పెంచింది ఆవిడ. నీ అభిషేకానికి ఏ ఢోకా లేదు. పిల్లల్ని మాత్రం ఇక ఆవిడ చేతుల్లో ఉంచలేం. సోమవారం పొద్దున్న హాస్టల్ జీపు పంపిస్తాను."

ఈశ్వరి గబుక్కున ఆయన కాళ్ళ మీద పడింది.

"నానే నేర్పినాను బాబూ! హాస్టల్లో ఏసేత్తారని బయపడి నానే నేర్పినాను! నా పిల్లలు అలాంటోళ్ళు కాదు. కెజియా, అయ్యగారికి వందనాలు సెప్పమ్మా. సెప్పు, నీకు దండం పెడతాను!"

పిల్లకి తికమకగా ఉంది. నాన్న చెప్పమంటే చెప్పకూడదు, మరి అమ్మే చెప్పమంటే? అమ్మ ఏడుస్తోందంటే తను సరిగ్గా చెయ్యలేదేమో అనుకుంది. ఉన్న శక్తంతా కూడగట్టుకుని, ఇందాకటికన్నా గట్టిగా అరిచింది.

"సెప్పను!"

సూర్యకాంతమ్మ లేచి నిలబడింది. "పిల్లలు మొండివాళ్ళయినా, తల్లి అబద్ధాలు నేర్పేదయినా మాకొకటే. పదండి."

కామరాజు సంచిలోంచి ఒక కాగితం తీశారు. మోకాలి మీద పెట్టుకుని, అందులో రాసున్నదాని మీద పెన్నుతో అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సంతకం చేసి గుణశేఖర్‌కి చాపారు. గుణశేఖర్ అందుకోలేదు. తల పట్టుకుని గోడకి జారబడి కూర్చుండిపోయాడు. వాళ్ళు దాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

కారు కదిలిన చప్పుడయ్యాక ఈశ్వరి ఆ కాగితం తీసింది. గీత కొట్టేసినా అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి: "విద్యార్థి గుణశేఖర్ నెల రోజులుగా మమ్మల్ని వేడుకొనుచున్నందున, పిల్లలిద్దరూ తల్లి వద్దనే ఉండుటకు అనుమతించడమైనది."