లూన్ కౌంటీలో అతి ఎత్తయిన చోటు

"ఇంకోసారి చూడమ్మాయ్. నీ యంత్రానికి చత్వారం వచ్చినట్టుంది," అన్నాడు హాల్వర్.

సర్వే చేస్తున్న లోర్నా మూడుకాళ్ల యంత్రంలోంచి తలెత్తింది. "మూడుసార్లు చూశానండీ. కంచెకి అటువైపున్న క్లారెన్స్ గారి గుట్టే ఎత్తు. మీ మిట్ట కంటే రెండడుగులు ఎక్కువ."

కంచె మీద మోచేతులు ఆనించిన క్లారెన్స్ నమిలే పొగాకు పక్కకి ఉమ్మాడు.

లూన్ కౌంటీ చరిత్రా భూగోళమూ కలిపి పుస్తకం వేస్తున్నారు. విస్తీర్ణం, జనాభా, తొలి తపాలా కచేరీ, మైనస్ యాభై రెండు దాకా దిగిన చలి, అన్నీ రాసేశారు. అతి ఎత్తయిన చోటు అన్న వరుస ఒక్కటే ఖాళీ. కౌంటీ అంతా పళ్లెంలా చదును. మోకాలెత్తు మిట్ట ఉన్నా పర్వతమే. అది ఎవరి పొలంలో ఉంటే వాళ్ల ఇంటిపేరు పుస్తకంలోకి ఎక్కుతుంది.

"మా తాత నాటి నుంచీ మా మిట్టే ఎత్తు. అప్పట్లో వీడి వైపు నక్క బొరియ తప్ప ఏముంది?" అన్నాడు హాల్వర్.

లోర్నా వెళ్లి గుట్ట మీది గడ్డిని బూటుతో గీకింది. కింద అన్నీ రాళ్లే.

"మంచు కరగ్గానే పొలాల్లో రాళ్లు పైకి తేలతాయి కదా, ఎవరో ఏరి పోసినట్టున్నారు. ఇది మనుషులు పోసిన గుట్టేనని ఎవరైనా సంతకం పెడితే దీన్ని లెక్కలోంచి కొట్టేస్తాను. అప్పుడిక మీదే ఎత్తు."

హాల్వర్ నోరు తెరిచాడు.

"చెప్పరా," అన్నాడు క్లారెన్స్ తాపీగా. "నా రాళ్లు నేను కొట్టం వెనక పోసుకుంటాను. నలభై ఏళ్లుగా ఇక్కడ పారబోస్తున్న వెధవెవడో నాకూ తెలుసుకోవాలనుంది. నీ పొలంలో గులకరాయి కూడా దొరకదని ప్రతి ఆదివారం చర్చిలో చెబుతుంటావు కదా, నీకేమైనా తెలుసా?"

హాల్వర్ టోపీ తీసి బట్టతల గోక్కున్నాడు. లోర్నా చేతిలోంచి కాగితం లాక్కుని, ఈ గుట్ట దేవుడు పెట్టిందేననీ, తను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాననీ రాసి సంతకం గీకాడు.

ఆమె ట్రక్కు రేపిన దుమ్ము అణిగాక క్లారెన్స్ కంచె మీదికి వంగాడు.

"వచ్చే వసంతంలో మానెయ్యకురోయ్. పక్క కౌంటీ గుట్ట మన దానికంటే అడుగు ఎత్తట. ఈసారి కాస్త పెద్ద రాళ్లు వెయ్."